తోలు ఒర ధర అంచు దగ్గరే తేలుతుంది

తోలు వస్తువుల వ్యాపారం తెలిసిన వ్యక్తి చేతికి కొత్త పిస్తోలు ఒర ఒకటి ఇచ్చి చూడండి. ఆయన ముందుగా దాని మీద చెక్కిన లతలను చూడడు. ఒరను పక్కకు తిప్పి, బొటనవేలి గోరును అంచు వెంట పైనుంచి కింది వరకు ఒకసారి జరుపుతాడు. గోరు ఎక్కడా తట్టుకోకుండా సాగిపోతే, అప్పుడు చెక్కడం వైపు దృష్టి మళ్లిస్తాడు. తట్టుకొన్నదంటే బేరం అక్కడి నుంచే కిందికి దిగుతుంది. పనివాడు రెండు మూడు గంటలు కూర్చుని చెక్కిన పువ్వుల విలువ ఆ ఒక్క గోటిగీతతో సగమవుతుంది.

హోల్‌స్టర్ అనే పేరుతో వ్యవహారంలో ఉన్న ఈ తోలు ఒరలను భద్రతా సంస్థల సిబ్బంది, లైసెన్సు పొందిన ఆయుధాలు గల రైతులు, వ్యాపారులు కొంటారు. మన గ్రామాలలో ఒరలు కుట్టేవారు తక్కువే. అయితే అంచు తీర్చడం, తోలుపై చెక్కడం అనే ఈ రెండు పనులు నడుము పటకాకు, కొడవలి ఒరకు, చేతిసంచికి, మంచిరకం చెప్పుకు కూడా ఒకటే. ఒరలో అవి కష్టతరంగా ఉంటాయి. అందువలన ఒర మీద నేర్చుకొన్న చేయి మిగిలిన వస్తువుల మీద తడబడదు. ఈ కారణంగానే కోల్‌కతాలోని ఒక చిన్న పనిగది వ్యవహారాన్ని కొంత వివరంగా పాఠకుల ముందుంచుతున్నాను.

వాట్‌గంజ్ పనిగది

వాట్‌గంజ్ ఖిదిర్‌పూర్ రేవును ఆనుకొని ఉన్న పేట. పద్దెనిమిదవ శతాబ్ది చివరి భాగంలో ఈ ప్రాంతంలో ఓడల రేవు నిర్మాణానికి పూనుకొన్న కర్నల్ హెన్రీ వాట్సన్ పేరు మీదనే దీనికి ఆ పేరు వచ్చింది. 1892లో ఖిదిర్‌పూర్ డాకు తెరుచుకొన్న తరువాత రేవు పనుల కోసం అనేక రాష్ట్రాల వారు ఈ చుట్టుపక్కల పేటలకు చేరారు. నేను చెప్పబోయే పనిగది యజమాని పూర్వులు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవారు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బేరంలో బెంగాలీ. ఒక తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒక సహాయకుడు. పది అడుగుల వెడల్పు గది. గోడకు వేలాడే అచ్చులు, ఒక చలువరాతి పలక. వారి ఆస్తి ఇంతే.

ఒక వ్యాపారికి పంపిన 40 ఒరలలో 23 తిరిగి వచ్చిన వారంలో నేను ఆ ఖాతా పరిశీలనకు వెళ్లాను. మూడు ఫిర్యాదులు వచ్చాయి: అంచు దగ్గర పొరలు విడిపోతున్నాయి, అంచు రంగు చొక్కాకు అంటుతున్నది, కొన్నింటిపై చెక్కడం మసకగా, నల్లని మరకలతో ఉన్నది. అప్పటికి రెండు కిస్తీలు బాకీ పడి ఉన్నాయి. వాయిదా సొమ్ము 90 రోజులకు మించి బకాయి ఉంటే ఆ ఖాతాను నిరర్థక ఆస్తిగా వర్గీకరించాలి. ఒకసారి ఆ గీత దాటితే తరువాతి రుణం దొరకడం ఎంత కష్టమో రుణగ్రహీతలకు తెలియనిది కాదు.

ఇంటి పెద్ద కోరినది మాత్రం మరొక రుణం. అంచుకు రంగుపూత వేసే యంత్రం ఒకటి కొనాలని ఆయన ఆలోచన. "మెషినుంటే అంచు అదే వస్తాది బాబూ, మా చేతులకి పని తగ్గుతాది" అన్నాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. క్రోము పద్ధతిలో శుద్ధిచేసిన మెత్తని తోలుతో సంచులు, పర్సులు కుట్టేవారికి ఆ యంత్రం నిజంగా ఉపయోగకరం. కాని తిరిగి వచ్చిన 23 ఒరలను పలక మీద పరచి ఒక్కొక్క అంచునూ విప్పి చూస్తే, రోగం పూతలో లేదని స్పష్టమైంది. విడిపోతున్న పొరలపై ఎంత రంగు పూసినా, పొరతోపాటు రంగు కూడా విడిపోతుంది.

తోలు దగ్గరే సగం పని

అంచు నిగ్గు తేలాలంటే తోలులోని నారలు ఒకదానినొకటి గట్టిగా పెనవేసుకొని ఉండాలి. పశువు వీపు, పిరుదుల భాగంలో నారలు దట్టంగా ఉంటాయి. పొట్ట భాగంలో వదులుగా, సాగుడుగా ఉంటాయి. పొట్టతోలు అంచును ఎంత రుద్దినా కొంతసేపటికి నూలు పోగులా లేస్తుంది. తిరిగి వచ్చిన ఒరలలో ఎక్కువ వాటికి లోపలి పొరగా పొట్టతోలు వాడారు. బయటకు కనిపించదు కదా అని ధర కలిసివచ్చే చోట పొదుపు చేశారు. అంచు దగ్గర మాత్రం లోపలి పొర కూడా బయటి పొరతో సమానంగా కనిపిస్తుంది!

రెండవ విషయం శుద్ధి పద్ధతి. చెక్కడానికి, రుద్ది మెరుగు పెట్టడానికి చెట్ల బెరడు, కాయల రసంతో శుద్ధిచేసిన తోలే తగినది. మన ప్రాంతంలో తంగేడు బెరడు, తుమ్మ బెరడు, కరక్కాయ ఈ పనికి అనాదిగా వాడుకలో ఉన్నవే. ఈ తోలు నీటిని పీల్చుకొని మెత్తబడుతుంది, కొట్టిన ముద్రను ఆరిన తరువాత కూడా నిలుపుకొంటుంది, రాపిడి వేడికి అంచు గట్టిపడి మెరుస్తుంది. క్రోము తోలుకు ఈ గుణాలు లేవు. అది రబ్బరులా ముద్రను వదిలేస్తుంది. నేడు మన దేశంలో ఎక్కువ తోలు క్రోము పద్ధతిలోనే తయారవుతున్నది. కోల్‌కతా ప్రసిద్ధి చెందినదే తోలు చేతితొడుగులకు, చిన్న సరుకుకు. కావున ఒరకు తగిన తోలును వెతికి కొనవలసి వస్తుంది.

కొనేటప్పుడు మోసపోకుండా చిన్న పరీక్షలు ఉన్నాయి. అంచును పదునైన రంపెతో కోసి చూడండి. నడుమ నీలిబూడిద చార కనిపిస్తే అది క్రోము తోలు; కోసిన మేర అంతా గోధుమ వర్ణమే ఉంటే చెట్టురసపు తోలు. పై మొహం మీద ఒక నీటిచుక్క వేస్తే చెట్టురసపు తోలు వెంటనే నల్లబడి చుక్కను పీల్చుకొంటుంది. ఒక చిన్న ముక్కను మరిగే నీటిలో వేస్తే చెట్టురసపు తోలు ముడుచుకుపోతుంది, మంచి క్రోము తోలు చాలావరకు నిలుస్తుంది. చెట్టురసపు తోలు తడిగా ఉన్నప్పుడు సుమారు 70 నుంచి 85 డిగ్రీల సెంటీగ్రేడు మధ్యనే ముడుచుకొంటుంది. ఈ సంఖ్యను గుర్తుంచుకోండి, ఆరబెట్టేటప్పుడు మళ్లీ పని పడుతుంది.

తోలు ఎక్కడ కొనాలన్నది కూడా ఖర్చు లెక్కలోనిదే. పూర్వం కోల్‌కతా తోళ్ల శుద్ధి కర్మాగారాలు టాంగ్రా, తిల్‌జలా, తోప్సియా పేటలలో ఉండేవి. వాటిలో చాలావరకు హక్కా చైనీయులవి. కాలుష్యం కారణంగా వాటిని తరలించాలని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. నగరానికి తూర్పున బన్‌తలా వద్ద తోళ్ల సముదాయం వెలసింది. హుగ్లీ ఒడ్డున ఉన్న వాట్‌గంజ్ వారు అక్కడికి వెళ్లాలంటే నగరాన్ని అడ్డంగా దాటాలి. నాలుగేసి చర్మాల కోసం మాటిమాటికి వెళ్లలేరు. పెట్టుబడి చేతిలో లేనివాడు దగ్గరలోని చిల్లర వ్యాపారి వద్ద ముక్కల లెక్కన కొంటాడు. ఆ ముక్కలలో పొట్టతోలు కలిసే వస్తుంది. ఆ ఇంటివారికి అవసరమైనది యంత్రం కాదని, ఒకేసారి మంచి వీపుతోలు కొనగలిగే నిర్వహణ పెట్టుబడి అని నేను అభిప్రాయపడినది ఇందువల్లనే.

అంచు తీర్చే క్రమం

పటకాకు రెండు పొరలే ఉంటాయి. ఒరకు కుట్టు వైపున అటు రెండు, ఇటు రెండు, నడుమ ఆయుధం మందానికి చోటిచ్చే వెల్ట్ పట్టీ ఒకటి: మొత్తం అయిదు పొరలు కలుస్తాయి. అంటే పది పన్నెండు మిల్లీమీటర్ల గోడ. ఆ గోడ ఒకే తోలుదిమ్మెలా కనిపించాలి. ఒర అంచు కష్టమంతా ఇక్కడే.

జిగురు దగ్గర తొందర పనికిరాదు. తోలు కండవైపును కండవైపుతో అతికించేటప్పుడు రెంటినీ గరుకు కాగితంతో గీరి దుమ్ము దులపాలి. నున్నని మొహంవైపును అతికించవలసి వస్తే మరింత గీరాలి. పొరలు విడిపోయిన ఒరలలో వెల్ట్ పట్టీని గీరకుండానే అతికించారు. రబ్బరు సొల్యూషను రెండు ముఖాలకూ పలుచగా పూసి, వేలికి అంటనంతగా ఆరిన తరువాతనే కలపాలి. తడిగా ఉండగానే కలిపితే ఆవిరి లోపలే చిక్కుకొని పట్టు నిలవదు. కలిపిన తరువాత కొయ్యసుత్తితో అంచు పొడవునా తట్టాలి.

పొరలను కొంచెం ఎక్కువ ఉంచి కత్తిరించి, అతికిన తరువాత అన్నింటినీ కలిపి ఒకే కోతలో సరిచేయడం మేలు. ముందే సరిసమానంగా కత్తిరించి అతికిస్తే ఏదో ఒక పొర వెంట్రుకవాసి లోపలికి పోతుంది. కత్తిని నిట్టనిలువుగా పట్టాలి. ఆపైన కర్రదిమ్మెకు చుట్టిన గరుకు కాగితంతో రుద్దాలి: మొదట 120 నంబరు, తరువాత 220, తరువాత 400. వేళ్లతో పట్టుకొని రుద్దితే మెత్తని పొర ఎక్కువ అరిగి గాడి పడుతుంది, దిమ్మె తప్పనిసరి. ఒక నంబరు గీతలు పూర్తిగా పోయేవరకు తరువాతి నంబరుకు వెళ్లవద్దు. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మరువరాదు, ఈ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

తరువాత బెవెలర్ అనే చిన్న పనిముట్టుతో రెండు మూలలనూ సన్నగా చెక్కివేస్తే అంచు గుండ్రనవుతుంది. ఈ పనిముట్టు పదును తప్పితే తోలును కోయదు, చింపుతుంది. ఆ పనిగదిలో ఉన్నది మొద్దుబారి ఉన్నది. ఒక సన్నని దారానికి పదును పెట్టే ముద్దను రాసి, దానిని గాడిలో లాగి పదును తెచ్చుకోవడం చిన్న కొడుకు అరగంటలో నేర్చాడు.

ఇప్పుడు రంగు. రంగు, బంక, మైనం అనే వరుస తప్పరాదు. మైనం ముందు పట్టించి రంగు తరువాత వేస్తే రంగు లోపలికి దిగక పైనే నిలుస్తుంది. చొక్కాలకు అంటినది అటువంటి రంగే. రంగు వేసి బాగా ఆరనిచ్చి, పొడిగుడ్డతో రుద్ది, గుడ్డకు రంగు రాకుండా పోయేవరకు తుడిచిన తరువాతనే బంక పట్టించాలి.

బంకగా విదేశాలలో ట్రగకాంత్ వాడతారు. మనకు దానికంటె చేరువైనది తపసి జిగురు. ఉత్తరాంధ్ర అడవులలో గిరిజనులు సేకరించే ఈ జిగురును విశాఖపట్నం కేంద్రంగా 1956 నుంచి పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేస్తున్నది. ప్రపంచ విపణిలో దీనికి ఇండియన్ ట్రగకాంత్ అనే పేరు కూడా ఉన్నది, ట్రగకాంతుకు బదులుగా వాడుతూ వచ్చినదే. పొడిని నీటిలో రాత్రంతా నానబెడితే ఉబ్బి పలుచని గంజిలా అవుతుంది. గుడ్డలో వడగట్టి వాడాలి. ముందుగా వ్యర్థపు ముక్క మీద పరీక్షించి చూసుకోండి.

బంకను వేలితో అంచుకు పలుచగా రాసి, అది కొంచెం లోపలికి ఇంకిన తరువాత, గాడి తీసిన గట్టి కర్రముక్కతో వేగంగా రుద్దాలి. కర్రను లేతు పట్టే ఏ వడ్రంగి అయినా చేసి ఇవ్వగలడు. తుమ్మ గాని జిట్టేగి గాని సరిపోతుంది. బరువుకంటె వేగం ముఖ్యం. రాపిడి వేడికి నారలు ఒకదానితో ఒకటి అతుక్కొని అద్దంలా అవుతాయి. అంచు మరీ తడిగా ఉండగా గట్టిగా నొక్కితే గొడుగులా రెండు పక్కలకూ విచ్చుకొంటుంది. తరువాత 600 నంబరు కాగితంతో తేలికగా రుద్ది, మళ్లీ బంక, మళ్లీ కర్ర. రెండు మూడు పర్యాయాలు కావాలి. చివరగా తేనెమైనం రాసి మందపాటి గుడ్డతో రుద్దితే నీరు లోపలికి దిగదు.

ఒక్క హెచ్చరిక. ఒర నోటి అంచును కుట్టుకు ముందే తీర్చాలి. కుట్టిన తరువాత అక్కడికి కర్ర వెళ్లదు, వేలు కూడా వెళ్లదు.

చెక్కడం: ఎంత లోతు, ఎక్కడివరకు

చెక్కడం మసకబారడానికి మూలం చేతి నైపుణ్యలోపం కాదు, తోలు తడి. తండ్రి గీత చూస్తే చేయి తిరిగిన మనిషి అని తెలుస్తూనే ఉన్నది. పని తొందరలో తోలును స్పంజితో తడిపిన వెంటనే కత్తి పెట్టేవారు. పైన బురదలా, లోపల ఎండుగా ఉన్న తోలుపై ముద్ర కొంతసేపటికి తిరిగి లేచిపోతుంది.

సరియైన పద్ధతి ఇది. తోలును రెండువైపులా సమానంగా తడిపి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి రాత్రంతా ఉంచాలి. తడి నార నారకూ సర్దుకొంటుంది. ఉదయం తీసి బయట ఉంచితే పైరంగు క్రమంగా ఎండుతోలు రంగుకు తిరిగి వస్తుంది. చెంపకు ఆనిస్తే మాత్రం చల్లగా ఉంటుంది. చెక్కవలసిన వేళ అదే. వర్షాకాలంలో కోల్‌కతాలో ఆ వేళ చాలాసేపు నిలుస్తుంది, కాని తడి తోలును రెండు రోజులు సంచిలో మరిచిపోతే బూజు పడుతుంది. అనంతపురం ఎండలలో వ్యవహారం తలకిందులు. అరగంటలో ఎండిపోతుంది గనుక నీటితుంపర సీసా పక్కన ఉండాలి.

మరకల సంగతి మన పెద్దలకు తెలిసినదే. కరక్కాయ రసంలో ఇనుము తగిలితే నల్లని సిరా అవుతుంది. పూర్వం అలాగే సిరా కాచుకొనేవారు. చెట్టురసపు తోలులో ఉన్నదీ ఆ వగరు పదార్థమే. తడి తోలు ఇనుప పళ్లెంలో పెట్టినా, తుప్పు పట్టిన ఉలి తగిలినా, ఇనుపరజను రాలిన పలక మీద ఉంచినా నీలినలుపు మచ్చ పడుతుంది. ప్లాస్టిక్ గిన్నె, శుభ్రమైన చలువరాయి, తుప్పులేని పనిముట్లు చాలు. ఆ పనిగదిలో తోలు నానబెట్టినది పాత ఇనుప బొచ్చెలో.

నమూనాను పారదర్శక కాగితం మీద గీసి, మొద్దుమొన కలిగిన పుల్లతో తోలుపైకి దింపుకోవాలి. తోలు వెనుకవైపు అతుకు టేపు వేస్తే కొట్టేటప్పుడు సాగి ఆకారం మారదు. గీత కోయడానికి స్వివెల్ కత్తి అనే, చూపుడువేలి కింద తల తిరిగే కత్తి వాడతారు. కత్తిని నిలువుగా ఉంచి, గీతను ఒకేసారి లాగాలి. రెండవసారి అదే గీతలో నడిపితే రెండు గీతలవుతాయి. ఒరకు తోలు మందంలో మూడవ వంతు లోతు చాలు. కత్తి అలకు ప్రతి పది పదిహేను నిమిషాలకు ఒకసారి మెరుగుముద్ద రాసిన తోలుపట్టీ మీద సాన పట్టాలి. కత్తి ఆగి ఆగి నడుస్తున్నదంటే తడి తగ్గినదని గాని, పదును పోయినదని గాని గ్రహించాలి. అంతేగాని బలం పెంచరాదు.

గీత తరువాత ముద్రల వంతు. ముందుగా ఆకులు, రేకుల లోపలి నీడలు; ఆపైన గీతకు ఒకవైపు అణచివేసే ముద్ర; తరువాత పువ్వుల నడుమ ఉన్న నేలను కిందికి దింపే ముద్ర. చివరగా స్వివెల్ కత్తితో అలంకార గీతలు. అణచివేసే ముద్రను ప్రతి దెబ్బకు కొద్దికొద్దిగా జరుపుతూ పోతే మెట్లు పడవు. సుత్తి కొయ్యది లేదా తోలుముద్దది కావాలి. ఇనుపసుత్తి పనిముట్టు తలను పాడుచేస్తుంది.

నమూనాల విషయంలో ఒక మాట చెప్పక తప్పదు. ఒరలపై చెక్కడానికి అమెరికాలోని షెరిడన్ పట్టణపు శైలి ప్రపంచమంతటా ఆదర్శంగా చెలామణి అవుతున్నది. అక్కడి డాన్ కింగ్ అనే జీను పనివాడు దానికి రూపమిచ్చాడు. చక్రాల్లా చుట్టుకొన్న కాడలు, వాటి మధ్య చిన్న పువ్వులు దాని లక్షణం. మనవాళ్లు ఆ బొమ్మలను ఉన్నవి ఉన్నట్లు దింపడం చూస్తుంటే కొంత వెలితిగా తోస్తుంది. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల ఆభరణాల చెక్కడం చూసినవారికి మన లతలు, చిలుకలు, హంసలు ఎంత సంపన్నమైనవో తెలుసు. ఆ పని వేరు: అక్కడ వాడేది పలుచని, వెలుగు ప్రసరించే పచ్చితోలు; ఉలి ఆరపార దిగుతుంది. ఇక్కడ లోతు మూడవ వంతే. నమూనాను మాత్రం అరువు తెచ్చుకోవచ్చు. అదే బెంగాల్‌లో శాంతినికేతన్ తోలువస్తువులు తమ రంగుల ముద్రల వలన భౌగోళిక గుర్తింపు సంపాదించాయి. పేరు తెచ్చినది స్థానికమైన రూపమే.

ఇక ఎక్కడివరకు చెక్కాలన్న ప్రశ్న. చెక్కడమంతా కుట్టుకు ముందు, తోలు బల్లపరుపుగా ఉండగానే పూర్తి కావాలి. కుట్టిన తరువాత ఒరను గోరువెచ్చని నీటిలో ముంచి అచ్చుకు దిగేలా ఒత్తుతారు. ఆ ఒత్తుడు పడే చోట చెక్కడం ఉంటే సాగి చెరిగిపోతుంది. పువ్వులను బల్లపరుపుగా నిలిచే భాగానికే పరిమితం చేయాలి. ఆరబెట్టడం నీడలోనే, గాలి తగిలే చోట. పొయ్యి దగ్గర, మండుటెండలో పెడితే, ఇంతకుముందు చెప్పిన ముడుచుకొనే వేడిమి దరిదాపులకు పోయి తోలు పెళుసెక్కుతుంది. నీటి వేడి 45 డిగ్రీలు మించనీయవద్దు.

ఒర నోటి చుట్టూ లోతుగా చెక్కవద్దు, అక్కడ పొట్టతోలు అసలే వద్దు. నోరు మెత్తబడి లోపలికి ముడుచుకొంటే, ఆయుధాన్ని ఒరలోకి దింపేటప్పుడు ఆ మడత ట్రిగ్గరుకు తగిలే ప్రమాదం ఉన్నది. ట్రిగ్గరు చుట్టూ ఉన్న కమ్మీని ఒర పూర్తిగా కప్పాలి. అందచందాల కంటె ముందు వాడేవారి తొడకు, పాదానికి రక్షణ చూడాలి.

అచ్చు విషయంలో చట్టాన్ని గుర్తుంచుకోవాలి. ఒర కుట్టడానికి ఆయుధ లైసెన్సు అక్కరలేదు. కాని లైసెన్సు లేకుండా ఆయుధాన్ని దగ్గర ఉంచుకోవడం 1959 ఆయుధ చట్టం ప్రకారం నేరం. "కొలత చూసుకో, రేపు తీసుకొంటాను" అని ఎవరైనా ఆయుధం వదిలి వెళ్లబోతే ఒప్పుకోరాదు. కాన్పూరు స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వరు వంటి వాడుకలో ఉన్న రకాల కొలతలతో కర్ర అచ్చులు చేయించుకొంటే సంవత్సరాల తరబడి పనికివస్తాయి. వాట్‌గంజ్ గోడకు వేలాడుతున్నవి అవే.

అదనపు శ్రమకు లెక్క

అంచుకు ఇంత సమయం పెడితే కూలి గిట్టుబాటు అవుతుందా అని పెద్ద కొడుకు అడిగాడు. కాగితం మీద లెక్క వేసి చూశాము. లెక్క కోసం ఒక ఒరకు సరుకు ఖర్చు 600 రూపాయలు, పని 5 గంటలు, గంటకు కూలి 80 రూపాయలు అనుకొందాం. ఒర ఖరీదు మనకు 1,000 రూపాయలు పడుతుంది. అంచును పైన చెప్పిన క్రమంలో తీర్చడానికి అదనంగా 40 నిమిషాలు పడితే ఖర్చు 53 రూపాయలు. అంటే 19 ఒరలకు పడిన అదనపు శ్రమ, బాగుచేయలేక పారేసిన ఒక్క ఒర నష్టానికి సమానం. 19 ఒరలకు ఒకటి చొప్పున పాడై తిరిగి వస్తున్నా ఈ శ్రమ దండగ కాదు. వారికి వచ్చినవి 40కి 23. లెక్క పూర్తయిన తరువాత యంత్రం మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

23లో 15 ఒరలను కుట్టు విప్పి, గీరి అతికించి, అంచు కోసి తిరిగి తీర్చారు. కొలత వెంట్రుకవాసి తగ్గినా పనికి అడ్డు రాలేదు. 8 పనికిరాలేదు. వాటి బయటి పొరలను తాళపుచెవుల పటకాలుగా కోసుకొన్నారు. 15 ఒరలకు వ్యాపారి సొమ్ము చెల్లించడంతో ఒక కిస్తీ జమపడి, ఖాతా 90 రోజుల గీతకు ఇవతలే నిలిచింది. యంత్రానికి కాక, వీపుతోలు కొనుగోలుకు, కొత్త బెవెలర్లు రెండింటికి, స్వివెల్ కత్తికి చిన్న నిర్వహణ రుణాన్ని సిఫారసు చేశాను.

వ్యాపారులకు కూడా ఒక మనవి. సరుకు తీసుకొనేటప్పుడే నాలుగు పరీక్షలు చేయండి: అంచు వెంట గోరు; తడిపిన తెల్లగుడ్డతో అంచు రుద్దడం; కుట్టు దగ్గర కొంచెం వంచి పొరలు నోరు తెరుస్తాయేమో చూడడం; వెనుకవైపు కుట్టు వరుస కూడా ముందువైపులా తిన్నగా ఉన్నదా అని చూడడం. లోపం ఉంటే అదే రోజు చెప్పండి. మూడు నెలలు దుకాణంలో ఉంచి తిప్పిపంపితే పనివాని పెట్టుబడి అంతకాలం చిక్కుకుపోతుంది, బ్యాంకు కిస్తీ మాత్రం ఆగదు. ఆయుధాన్ని నెలల తరబడి తోలు ఒరలోనే దాచవద్దని కొనేవారికి చెప్పడం కూడా మరువవద్దు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, లోహం తుప్పు పడుతుంది.

ఆంధ్ర, తెలంగాణలలోని చర్మకార వృత్తివారికి 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకం అందుబాటులో ఉన్నది. ఆ పథకం కింద గుర్తించిన 18 వృత్తులలో ఈ వృత్తి ఒకటి. ప్రాథమిక శిక్షణ, పనిముట్ల కొనుగోలుకు 15,000 రూపాయల వరకు ఇ-వోచరు, తొలి విడత లక్ష రూపాయల వరకు 18 నెలల గడువుతో, మలివిడత రెండు లక్షల వరకు 30 నెలల గడువుతో, 5 శాతం వడ్డీకి పూచీకత్తు లేని రుణం లభిస్తాయి. కుటుంబంలో ఒక్కరికే అర్హత. నమోదు మీ సమీపంలోని కామన్ సర్వీస్ సెంటరులో జరుగుతుంది. సాంకేతిక సలహాకు చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ ఉన్నది; కోల్‌కతాలో కూడా దానికి ప్రాంతీయ కేంద్రం ఉన్నది.

రుణానికి దరఖాస్తు చేసేటప్పుడు తోలు వ్యాపారి కొటేషనులో చదరపు అడుగు ధరతోపాటు తోలు భాగం, మందం, శుద్ధి పద్ధతి రాయించండి. "వీపు, చెట్టురసం, 3 మిల్లీమీటర్లు" అని ఉన్న కొటేషనుకు, వట్టి "తోలు" అని ఉన్న కొటేషనుకు మధ్య భేదాన్ని క్షేత్ర అధికారి గుర్తించగలడు. దానితోపాటు మీరు తీర్చిన అంచు ముక్క ఒకటి, అరచేయి పొడవున్నది, వెంట తీసుకురండి.